కళాసీ బావ కోళ్ళగూళ్ళు

మొన్న మధ్యాహ్నం నేను మా కోళ్ళగూట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుని ఉండగా గ్యాస్ బండ తెచ్చినతను పెరట్లోకి వచ్చాడు. మా ఆవిడ బకెట్టుతో గూటి మీద నీళ్ళు కొడుతోంది. కోళ్ళు నాలుగూ గోడమీద వరసగా కూర్చుని చూస్తున్నాయి. అతను ఇంటాయన ఎక్కడున్నారని అడిగాడు. ఆవిడ గూడు చూపించింది. నేను లోపల్నుంచే గ్యాస్ పుస్తకం టీవీ కింద ఉందని చెప్పాను. అతను బండ దించి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడట.

వానలు మొదలయ్యే ముందు ఏటా నేను చేసే పని ఇది. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. నాకు ఈ పద్ధతి నేర్పిన మనిషి పోయి ఏడాది దాటింది. గూట్లో కూర్చున్న ప్రతిసారీ ఆయన ఇంకా పక్కింట్లో, మా గోడ అవతలే ఉన్నట్టు ఉంటుంది నాకు.

ఆయన పేరు రాయను. రాసినా మా వీధిలో సగం మందికి తెలియదు. ఆయన అందర్నీ బావా అని పిలిచేవాడు, అందరూ ఆయన్ని బావ అనేవారు. ఒకసారి బ్యాంకు మేనేజర్ని కూడా బావా అన్నాడు. మేనేజరు ముందు కోపంగా చూసి, ఆ తర్వాత కుర్చీ వేయించాడు. మాది గోదావరి జిల్లా. నాన్న ఉద్యోగం కోసం విశాఖపట్నం వచ్చి ఇక్కడ కంచరపాలెంలో స్థిరపడ్డారు. నేను పుట్టింది ఇక్కడే అయినా పిలుపు చివర గారు తగిలించకపోతే నాకు నోరు తిరగదు. నేను బావగారూ అంటే ఆయన వెనక్కి తిరిగి చూసేవాడు, ఇంకెవరైనా పెద్దమనిషి వచ్చాడేమోనని.

పోర్టులో కళాసీల ముఠాకి మేస్త్రీగా పనిచేశాడు. ఓడలోకి ఎక్కించిన సరుకు దారిలో కదలకుండా తాళ్ళతో, గొలుసులతో బిగించి కట్టడం వాళ్ళ పని. గాలివాన హెచ్చరిక వస్తే యార్డులో సరుకుల గుట్టలమీద తార్పాలిన్లు కప్పి కట్టేదీ వాళ్ళే. అలా ముప్ఫై ఏళ్ళు కట్టీ కట్టీ రిటైరైన మనిషి ఇంట్లో కుదురుగా ఎలా కూర్చుంటాడు? మొదటి నెలలో ఇంట్లో ఉన్న మంచాలన్నీ బిగించాడు. రెండో నెలలో వీధిలో బట్టలారేసుకునే దండేలన్నీ విప్పి మళ్ళీ కట్టాడు. మూడో నెలలో ఎవరో కోళ్ళగూడు కావాలన్నారు. అంతే, ఆయనకి మళ్ళీ ఉద్యోగం దొరికింది.

మా వీధి వెనకాలే రైలు పట్టాలు. ప్రతి ఇంటికీ వెనక ఒక మంచం, ఒక తులసికోట పట్టేంత పెరడు ఉంటుంది. గూడ్సు బండి వెళ్ళినప్పుడల్లా గిన్నెలు గలగలమంటాయి. ఆ ఊపుకి మేకులు వదులవుతాయని ఆయన వాదన. గూటికి మేకులు ఎంత తక్కువైతే అంత మంచిదని, సందు దొరికిన చోటల్లా తాడు కట్టేవాడు. మేకు చెప్పకుండా వదిలేస్తుందట, తాడైతే ముందు సాగి, చెప్పి మరీ వదులుతుందట. ముడి వేశాక కాలు గూటికి తన్నిపెట్టి, వెనక్కి వాలి, ఒళ్ళంతా వేసి లాగేవాడు. పని పూర్తయ్యాక గూటి వీపు మీద అరచేత్తో ఒక్కటి చరిచేవాడు, గేదెని చరిచినట్టు.

ఏ ఇంటికి వెళ్ళినా మొదటి ప్రశ్న ఒకటే. మీకు సముద్రం ఏ పక్క? విశాఖపట్నంలో పుట్టిపెరిగిన వాళ్ళం కదా, ఠక్కున చెప్పేస్తామని అనుకుంటాం. పెరట్లో నిలబడి చెప్పమంటే పదిమందిలో ఆరుగురు తప్పు దిక్కు చూపించారు. నేను చూపించింది సింహాచలం కొండ వైపు. ఆయన నా భుజం పట్టుకుని నెమ్మదిగా తూర్పుకి తిప్పి, "వాన పైనుంచి పడదు బావా, అటుపక్కనుంచి వత్తాది," అన్నాడు. గూటికి తలుపు ఎప్పుడూ పడమట పెట్టేవాడు. తూర్పు గోడకి రెండు వరసల రేకు, దాని మీద తార్పాలిన్. కాళ్ళు ఇటుకల మీద, నేలకి మూరెడు ఎత్తున. చూరు ముందుకి జానెడు.

కొలత టేపు వాడేవాడు కాదు. గూడు ఎవరిదో వాళ్ళే నేలమీద గొంతుక్కూర్చోవాలి. ఆయన సుద్దముక్కతో చుట్టూ గీత గీసేవాడు. ఎందుకంటే గూడు పూర్తయ్యాక వాళ్ళే లోపల కూర్చోవాలి, ఆయన బయట తూర్పు వైపు నిలబడి బకెట్లతో నీళ్ళు కొట్టాలి. బయటనుంచి చూస్తే ఏ గూడైనా బాగానే ఉంటుంది, లోపల కూర్చుంటేనే నిజం తెలుస్తుందని అనేవాడు. మన వీపుమీద ఒక్క చుక్క పడినా గూడు విప్పేసి మళ్ళీ మొదలుపెట్టేవాడు. నాకు కాస్త ఒళ్ళు ఎక్కువ. అందుకని వీధి మొత్తం మీద పెద్ద గూడు మాది. మా నాలుగు కోళ్ళూ అందులో జమీందారుల్లా తిరుగుతాయి.

మాది ఆయన కట్టిన పదకొండోది. ఏ ఇంట్లోనూ కూలి పుచ్చుకోలేదు. కొత్త గూట్లో పెట్టిన మొదటి గుడ్డు మాత్రం ఆయనకి పంపాలి. ఆ గుడ్డు తీసుకెళ్ళి అక్క ముందు పెట్టేవాడు. అక్క అంటే ఆయన భార్య. ఆనందపురం అవతల పల్లెలో రైతు ఇంట పుట్టిన మనిషి, సన్నగా, చిన్నగా ఉండేది, మాట తక్కువ. పదకొండు గుడ్లూ అలాగే పెట్టాడు. ఆవిడ పదకొండుసార్లూ దాన్ని ఉడకబెట్టి, ఉప్పూ కారం జల్లి, ఆయన కంచంలోనే వేసింది.

వీధిలో పదకొండు గూళ్ళు కట్టిన మనిషి పెరట్లో ఒక్క కోడీ లేదు. కారణం మా గూటికి తాళ్ళు కడుతూ ఆయనే చెప్పాడు. చాలా ఏళ్ళ కిందట, ఊళ్ళో చెట్లన్నీ పడిపోయిన ఆ పెద్ద గాలివాన రోజున ఆయన పోర్టులో డ్యూటీలో ఉన్నాడు. ఊరందరి సరుకూ కట్టాడు. ఒక పగలూ ఒక రాత్రీ తర్వాత, పడిన చెట్లు దాటుకుంటూ ఇంటికి నడిచి వచ్చాడు. పెరట్లో గూడు లేదు, నేలలో దిగ్గొట్టిన నాలుగు ఇనప మేకులు మాత్రం ఉన్నాయి. ఆరు పెట్టలూ, ఒక పుంజూ పోయాయి. వెనక గుమ్మంలో కూర్చున్న అక్క ఆయన్ని చూడగానే వెక్కి వెక్కి ఏడ్చింది. ఆవిడ ఏడవగా ఆయన చూడటం అదే మొదలట. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ కోళ్ళు పెంచలేదు. ఏటా ఆయన గూడు కడతానంటాడు, ఏటా ఆవిడ ఎందుకులే అంటుంది.

"నా కట్టు వదిలీసింది బావా," అన్నాడు ఆయన, ముడి వంకే చూస్తూ. "నాను కట్టింది ఏదీ వదల్నేదు, అదొక్కటే వదిలీసింది."

నాకప్పుడు అర్థమైంది, ఆయన ఎవరి పెరట్లో గూడు కట్టినా అది అక్క చూడాలనే కడుతున్నాడని. కట్టిన ప్రతిదీ ఆవిడకి చూపించేవాడు. మా గూడు పూర్తయ్యాక గోడమీంచి ఆవిడని పిలిచాడు. ఆవిడ వచ్చి చూసి, తల ఊపి, లోపలికి వెళ్ళిపోయింది. ఆయన ఆ రోజు టీ కూడా తాగలేదు. సరే, ఒక గూడు కట్టుకో అని ఆవిడ నోటివెంట ఒక్కమాట వస్తే చాలు ఆయనకి.

గూడు గట్టిదే కానీ, నిజం చెప్పాలంటే అందులో ఒక లోపం ఉంది. ఓడ మనిషి కదా, సందు కనిపిస్తే ఊరుకోలేడు. జనపనార తారులో ముంచి ప్రతి సందులోనూ కుక్కేశాడు, పడవకి పెట్టినట్టు. నీటిచుక్క దూరదు, గాలీ దూరదు. మా కోళ్ళు మూడు రోజులు లోపలికి వెళ్ళకుండా నా మోటార్ సైకిల్ మీద పడుకున్నాయి. బలవంతంగా తోస్తే పొద్దున్నే నోళ్ళు తెరుచుకుని రొప్పుతూ బయటికొచ్చేవి. అక్క గోడ అవతల్నుంచి ఇదంతా చూసి, చూరు కింద రెండు కన్నాలు పెట్టించమని మా ఆవిడకి చెప్పింది. ఈ మాట ఆయన దాకా వెళ్ళకూడదని కూడా చెప్పింది. నేను దొంగతనంగా పెట్టాను. వారం తిరక్కుండా ఆయన కనిపెట్టి, ఎలకలు కొట్టేశాయని జాలిపడి, దగ్గరుండి మూసేశాడు. నేను మళ్ళీ పెట్టాను. ఆయన మళ్ళీ మూశాడు. మా వీధి ఎలకల మీద ఆయనకి గొప్ప గౌరవం ఏర్పడింది.

ఆ ఎండాకాలం చివర ఆయన అడగడం మానేసి, తన పెరట్లో గూడు మొదలుపెట్టేశాడు. అక్క కాదనలేదు, ఔననలేదు. ఆయన అటు సుత్తి కొడుతుంటే ఆవిడ ఇటు చేపలు బాగుచేసుకుంటూ ఉండేది. ఇరవై రోజులు పట్టింది. మిగతా గూళ్ళకి నాలుగు రోజులు మించి పట్టలేదు. ఇంత ఆలస్యమేమిటని అడిగితే, ఇది కూడా వదిలితే ఇంక తనకి మొహం లేదన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ మాట వినడానికి నాకు కష్టంగా అనిపించింది.

పరీక్ష రోజు నన్నూ మా ఆవిడనీ పిలిచాడు. బకెట్లు నింపి పెట్టాడు, నా చేతికి పైపు ఇచ్చాడు. చొక్కా విప్పి, దణ్ణం పెట్టుకుని, గూట్లోకి ఒక కాలు పెట్టాడు. రెండో కాలు పట్టలేదు. పక్కకి తిరిగి చూశాడు. తల పడితే భుజం పట్టలేదు, భుజం పడితే మోకాలు పట్టలేదు. నన్ను చూశాడు. నన్ను చూసి ఏం లాభం. మా ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ముప్ఫై ఏళ్ళు ఓడల్లో సరుకు పట్టించిన మనిషి తన పెరట్లో కొలత తప్పాడని మేమంతా అనుకున్నాం.

అక్క గుమ్మంలోంచి లేచింది. గూడు చుట్టూ ఒకసారి తిరిగింది. తలుపు ఎత్తు చూసింది, లోపలి వెడల్పు చూసింది.

"ఎవులి కొలతకి కట్టినావు?" అంది.

ఆయన పక్కనున్న బకెట్టు అందుకుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. గూడు ఎవరిదో వాళ్ళ కొలతకే కట్టడం ఆయన పద్ధతి అని వీధిలో అందరికీ తెలుసు, ఆవిడకీ తెలుసు. ఆవిడని కూర్చోమనే ధైర్యం లేక కంటితోనే కొలత తీశాడు. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని, వంగి, లోపలికి వెళ్ళి కూర్చుంది. సరిగ్గా పట్టింది. తలుపు తనే లాక్కుంది.

ఆయన తూర్పు వైపు నిలబడి మొదటి బకెట్టు కొట్టాడు. రెండోది, మూడోది. నేను పైపుతో చూరు కిందికి కొడుతున్నాను. లోపల చప్పుడు లేదు. తడిసిందా అని అడిగాడు. లేదంది. అటు తిరిగి అడుగున కొట్టాడు. ఇప్పుడో అన్నాడు. లేదంది. ఆరో బకెట్టు ఎత్తేసరికి లోపల్నుంచి మాట వినిపించింది.

"ఆ దినం నీ కట్టు వదల్నేదు. తలుపు నానే తీసినాను."

ఆయన బకెట్టు ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అక్క గొంతు రేకుల మధ్యనుంచి నిదానంగా వచ్చింది. కోళ్ళని ఇంట్లో పెట్టేద్దామని తలుపు తీసిందట. అంతలో ఎవరో పరిగెత్తుకొచ్చి జెట్టీ మీద క్రేను పడిపోయింది, మనుషులు కింద ఉన్నారు అన్నారట. తలుపు అలాగే వదిలేసి, ఆ గాలిలో రోడ్డు దాకా వెళ్ళిందట. ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు. తిరిగి వచ్చేసరికి కోళ్ళూ లేవు, గూడూ లేదు.

మా బావ మొహం వెలిగిపోయింది. నా వైపు తిరిగి, తలుపు తీస్తే గాలి లోపలికి దూరి గూటిని కిందనుంచి లేపేస్తుందని, ఏ కట్టూ దానికి ఆగదని, ఓడలో కూడా అంతేనని వివరించడం మొదలుపెట్టాడు. అన్నేళ్ళ బరువు దిగిపోయింది కదా మరి, పాపం. సగం చెప్పాక ఆగిపోయాడు. బకెట్టు కింద పెట్టాడు.

"మరి కోళ్ళు పోనాయని అంత ఏడిసినావు," అన్నాడు గూటితో.

"కోళ్ళకేటి ఏడుపు. నువ్వు బతికొచ్చినావని ఏడిసినాను."

నా చేతిలో పైపు నా కాళ్ళమీదే పారుతోంది, కట్టాలని తోచలేదు. ఆయన నెమ్మదిగా గూటి పక్కన, ఆ బురదలోనే కూర్చున్నాడు. ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదని అడిగాడు. మొదట భయపడ్డానని, తర్వాత సిగ్గేసిందని అంది ఆవిడ. ఆయన తన కట్టే వదిలిందని నాలుగు రోజులు అన్నం మానేస్తే, నోరు పెగల్లేదంది. మళ్ళీ తనే అంది.

"గాలొచ్చినప్పుడల్లా ఊరోళ్ళ సరుకు కట్టడానికి ఎల్లిపోతావు. నాను గుమ్మంకాడ కూకుంటాను. ఒక ఫోనన్నా సెయ్యవు. మళ్ళీ కోళ్ళు తెచ్చుకుంటే ఆటితోపాటు ఆ రోడ్డూ గుర్తొత్తాదని వద్దన్నాను."

అది నిజం. పనిలో ఉన్నప్పుడు ఆయన ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి టిఫిన్ డబ్బాలో పెట్టేవాడు, తడిసిపోతుందని. సరుకు తడవకూడదు, ఫోన్ తడవకూడదు, కోడి తడవకూడదు. ఇంట్లో మనిషి కళ్ళు తడుస్తున్న సంగతి ఆయన లెక్కలోకి రాలేదు. చెడ్డవాడై కాదు. చేతులతో కట్టగలిగినది ఏదో అదే ఆయనకి కనిపించేది.

ఏం జవాబిస్తాడోనని మేం చూస్తున్నాం. ఆయన తలుపు మీద చెయ్యి వేసి, బయటికి రమ్మని మెల్లిగా అడిగాడు. గాలాడక చస్తున్నాను, నువ్వే తలుపు తియ్యి అంది ఆవిడ. తలుపు తీసేసరికి ఒళ్ళంతా చెమటతో ముద్దయి ఉంది, బకెట్టు నీళ్ళ చుక్క ఒక్కటి లేదు. బయటికొచ్చి, ఊపిరి పీల్చుకుని, చూరు కింద పడమటి వైపు చేత్తో గీత చూపించి, అరచెయ్యి పట్టేంత సందు తియ్యమంది. తీస్తే వాన వస్తుందని ఆయన అనలేదు. రంపం తెచ్చాడు. ఆవిడ చూపించిన మేరకి కోశాడు. తర్వాత మా పెరట్లోకి వచ్చి, మా గూటికి కూడా కోశాడు. కోస్తూ కోస్తూ నా మొహంలోకి చూసి, అయితే ఆ ఎలక నువ్వేనన్నమాట అన్నాడు.

వారం తర్వాత అక్క ఒక్కతే బస్సెక్కి ఆనందపురం అవతల వాళ్ళ చెల్లెలి ఊరు వెళ్ళి, బుట్టలో నాలుగు పెట్టల్ని తెచ్చింది. మొదటి గుడ్డుని ఎవరు తినాలనే విషయం మీద మొగుడూ పెళ్ళాలు పొద్దుట్నుంచీ వాదించుకోవడం గోడ ఇవతలకి వినిపించింది. చివరికి అట్టు వేసి సగం సగం తిన్నారని మా ఆవిడ చెప్పింది.

ఆ ఏడు దసరా అయ్యాక గాలివాన హెచ్చరిక వచ్చింది. భీమిలి వైపు పడవలన్నీ ఒడ్డుకి లాగేశారన్నారు. మధ్యాహ్నం రెండింటికే ఆకాశం నల్లబడింది. వీధిలో అందరూ ఆయన కోసమే వచ్చారు, మా గూటికి కూడా ఇంకో తాడు వెయ్యమని. ఆయన తాళ్ళ చుట్ట భుజాన వేసుకుని బయల్దేరాడు. మొదట మా పెరట్లోకే వచ్చాడు. గూటికి అడ్డంగా రెండు తాళ్ళు వేసి, కాలు తన్నిపెట్టి లాగి, ముడి బిగించి, అరచేత్తో ఒక్కటి చరిచాడు. అప్పుడు చొక్కా జేబులోంచి ఫోన్ తీసి, కళ్ళజోడు పైకి తోసుకుని, నంబరు నొక్కాడు.

మా రెండిళ్ళ మధ్య గోడ భుజాల ఎత్తే ఉంటుంది. అవతల అక్క కోళ్ళని గూట్లోకి తోలుతోంది. ఆవిడ నడుం దగ్గర ఫోన్ మోగింది. తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

"నాను బాగానే ఉన్నాను," అన్నాడు ఆయన.

"సూత్తన్నాను," అంది ఆవిడ, గోడమీంచి ఆయన్నే చూస్తూ.

"రెండిళ్ళవతలకి ఎల్తన్నాను. అక్కడికెల్లి మళ్ళీ సేత్తాను."

ఆ మధ్యాహ్నం ఆయన వీధిలో పదకొండు గూళ్ళు బిగించాడు, పదకొండు ఫోన్లు చేశాడు. ప్రతిదీ ఆవిడ మొదటి రింగుకే ఎత్తింది.